చుక్కి పడుకునే బొంత

విడవలూరు,
4-9-1961

వదినగారికి,

మీ మరదలు పెంచలమ్మ నమస్కారాలు. ఇక్కడ మేమూ, గొడ్డూ గోదా అందరం బాగున్నాం. అక్కడ మీరూ, అన్నయ్యగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఇంతవరకూ అందరూ రాసేదే. ఇక నా బాధ రాస్తాను. నా బాధకు నాలుగు కాళ్లున్నాయి, ఒక తోక కూడా ఉంది.

ఈ ఇంటికి వచ్చి ఆరు నెలలు దాటింది. రెండో పెళ్లివాడికి ఇస్తున్నారని మా వాళ్లలో సగం మంది మూతి ముడిచినా, మనిషి మంచివాడైతే చాలని తల వంచి తాళి కట్టించుకున్నాను. మీ తమ్ముడు మంచివారే. నన్ను ఒక్క మాట అనరు. ఆ ఒక్క మాటైనా అంటే బాగుండునని నాకు అనిపించే రోజులున్నాయి. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే ముందు చుక్కి తల నిమురుతారు. నా చేతి మజ్జిగ ఆ తర్వాతే.

చుక్కి సంగతి మీకు నేను చెప్పాలా? కామాక్షి అక్క పుట్టింటి నుంచి చంకన పెట్టుకొచ్చిన కుక్క. అక్క పోయి రెండేళ్లయినా, అక్క మంచం ఉండిన చోటే, నడవలో పటం కిందే దాని పడక.

పెళ్లిలో నా మెడలో తాళితో పాటు అక్క పేరిట బిళ్ల కూడా వేశారు. కొత్త చీర ఏది వచ్చినా ముందు అక్క పటం ముందు పెట్టి, పసుపూ కుంకుమా వేసి, "అక్కా, నువ్వు కట్టి విడిచి నాకియ్యి" అని అడిగి, రాత్రంతా అక్కడే ఉంచి తెల్లారి నేను కట్టుకోవాలి. మీరు దగ్గరుండి నేర్పిన పద్ధతి. పోయినామె ముందు, ఉన్నామె తర్వాత. సరే అన్నాను.

వరలక్ష్మీ వ్రతానికి మా అమ్మ వెంకటగిరి చీర పంపింది. లేత చిలకపచ్చ, సన్న జరీ అంచు. అక్క ముందు పెట్టాను. తెల్లారి చూస్తే సగం చీర తడి. వాసన చూస్తే ఏమిటో నేను రాయనక్కరలేదు. చుక్కి దాని మీద ముడుచుకొని నిద్రపోతోంది. ఉతికించి, మొన్న శుక్రవారం మళ్లీ పెట్టాను. మళ్లీ అదే పని. మొన్న మధ్యాహ్నం నా పుట్టింటి పరుపు కూడా తడిపింది. ఇంటి నిండా ఎన్ని చోట్లు లేవు! దానికి నా వస్తువులే కావాలి.

వదినా, కుక్కకు నేనంటే పడదా, లేక అక్కకే నేనంటే పడదా? నా చీర అక్క తీసుకోనంటోందా? రాత్రిళ్లు పటం వైపు చూడాలంటేనే భయం, ముసుగు తన్ని పడుకుంటున్నాను. అక్క కోపం మనిషా? ఉన్నదున్నట్టు రాయండి. లేదా ఈ కుక్కను మీ ఊరికి తీసుకుపోండి.

మీ మరదలు,
పెంచలమ్మ

---

నాయుడుపేట,
12-9-1961

పెంచలమ్మకు ఆశీస్సులు.

నీ జాబు చదివి మీ అన్నయ్య పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కామాక్షి కోపం మనిషా అని అడిగావు. కామాక్షి నాకంటే చిన్నదే అయినా ఇద్దరం ఒకే పలక మీద దిద్దుకున్నాం. మా అమ్మ వేరే సంబంధం చూస్తుంటే, మా తమ్ముడు రంగడికి కామాక్షి తప్ప ఇంకెవరూ వద్దని రెండు రోజులు అన్నం మానేసి సాధించినదాన్ని నేను. దాని నోట పరుషమైన మాట నేనెన్నడూ వినలేదు. పక్కింటి బాలింతకు గుడ్డలు లేవంటే తన మెత్తటి చీర చింపి ఇచ్చిన మనిషి. అది పెట్టిన చేపల పులుసు మూడో రోజుకు కూడా రుచి తగ్గేది కాదు. ఎంత ఎండలో వచ్చినవాడైనా దాని మొహం చూస్తే చల్లబడేవాడు. అలాంటిదానికి నీ చిలకపచ్చ చీర మీద ఏం పని?

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. పద్ధతి పద్ధతే. చీర పెట్టడం మానకు. కింద పెట్టబట్టే కుక్క ఎక్కింది. పీట వేసి పెట్టు.

కుక్కను తీసుకుపొమ్మన్నావు. మాది మేడ మీద అద్దె ఇల్లు. ఇంటివాళ్లు పిల్లిని చూసినా అరుస్తారు. అయినా అది ఆ ఇంటి కుక్క. నీకంటే ముందు వచ్చింది. దాని సంగతి రంగడికి వదిలెయ్యి, వాడికి తెలుసు.

చెంచులక్ష్మి

---

విడవలూరు,
3-10-1961

వదినగారికి,

చచ్చినవాళ్ల కళ్లు చారెడంటారు. మీరు అక్క కళ్లను సోలెడు చేసి పంపించారు. మీ జాబు చదివాక నేనూ పులుసు పెట్టాను. మూడో రోజు దాకా ఎందుకు, మొదటి రోజే ఉప్పు ఎక్కువైంది.

'వాడికి తెలుసు' అని రాశారు. ఏం తెలుసో కనిపెడదామని కళ్లలో ఒత్తులు వేసుకొని కూర్చున్నాను. ముందు కుక్కకు దీపాలు పెట్టాక నీళ్లు పెట్టడం ఆపేశాను. అయినా తడపడం మానలేదు. ఒక రోజు మా చాకలి హజరత్తయ్య మూట దించుతూ, "ఏందమ్మా, ఊరంతా మాకు గుడ్డలేస్తా ఉంటే మీ ఇంటాయన మా కూడు లాగేస్తా ఉండాడే! తెల్లారకముందే బాయికాడ బండ మీద బాదతా ఉంటే మా ఇంటిదాకా ఇనపడతా ఉండాది" అన్నాడు. వాడు నవ్వులాటకే అన్నాడు. నాకు మాత్రం నవ్వులాట కాలేదు.

మీరే చెప్పండి. తన తువ్వాలైనా తాను పిండుకోని మగవాడు, చాకలి ఉండగా, పెళ్లాం ఉండగా, దొంగచాటుగా లేచి బట్టలు ఉతుకుతున్నాడంటే ఆడది ఏమనుకోవాలి? ఎవత్తో ఉంది అనుకున్నాను. అన్నం సహించలేదు. పాలు పోయడానికి వచ్చిన ఆమెను చూసినా ఈమేనా అనిపించింది, కొట్టం ఊడ్చే ముసలామెను చూసినా ఈమేనా అనిపించింది. ఆమెకు పళ్లు కూడా లేవు.

చివరికి ఒక తెల్లవారుజామున వెనకే వెళ్లి, గడ్డివామి చాటున నిలబడ్డాను. ఆయన ఉతుకుతున్నది బొంత. చుక్కి పడుకునే బొంత. తడిపిందని నాకు తెలియకుండా, నేను లేచేలోగా ఉతికి, వామి మీద ఆరేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి పడుకుంటున్నారు. పగలు అది గోనెపట్టా మీద పడుకుంటే నేనేమో ఎండకు మార్చారనుకునేదాన్ని.

పోనీలే కుక్క కోసమే కదా అని ఊరట పడబోయాను. అప్పుడు వెలుతురొచ్చింది. తిరగేసి ఆరేస్తుంటే చూశాను, ఆ బొంత అడుగంతా చీరలే. నేరేడు రంగు, వంకాయ రంగు, పసుప్పచ్చ. ఎవరివో అడగక్కరలేదు. మా పెళ్లినాడు అక్క చీరలన్నీ దానం చేశామన్నారు మీరు. మంచివి మిగిలాయి, అవి కుక్క కింద ఉన్నాయి.

ఎవత్తో ఉన్నా బాగుండేది వదినా. బతికున్నదైతే జుట్టు పట్టుకోవచ్చు. ఈమెను నేనేం చెయ్యను?

పెంచలమ్మ

---

నాయుడుపేట,
10-10-1961

పెంచలమ్మకు,

నీకు ఇప్పుడా తెలిసింది? ఆ ఉతుకుడు ఈనాటిది కాదు.

కామాక్షి పోవడానికి ముందు ఏడాది నుంచే చుక్కి పడక తడిపేది. చాకలికి వేస్తే కుక్క గుడ్డ అని చిన్నబుచ్చుకుంటాడని కామాక్షి తానే ఉతికేది. నానిన బొంత ఒక మనిషి పిండలేదు కదా. అందుకని రంగడు కూడా లేచేవాడు. చెరో కొసా పట్టుకొని పిండేవాళ్లు. నేను పురిటికి వచ్చినప్పుడు నడవలో పడుకొని వాళ్ల నవ్వులు వినేదాన్ని. బావి దగ్గర ఏం మాట్లాడుకునేవాళ్లో, ఎందుకంత నవ్వుకునేవాళ్లో నాకెన్నడూ చెప్పలేదు. అప్పటికి మా అమ్మా నాన్నా బతికే ఉన్నారు. పగలంతా అత్తా మామల ముందు మాట్లాడుకోవడానికి లేని మొగుడూ పెళ్లాలకు అదే తీరిక.

బొంత కుట్టింది కూడా కామాక్షే, తన చేత్తో. నువ్వొచ్చాక వాడు నీకు చెప్పలేదంటే, చెప్పే సంగతి కాదని కాబోలు. ప్రతి ఇంట్లోనూ కొత్తగా వచ్చిన మనిషికి చెప్పనివి నాలుగు ఉంటాయి. చూసీచూడనట్టు ఉండు.

చెంచులక్ష్మి

---

విడవలూరు,
21-10-1961

వదినగారికి,

చూసీచూడనట్టు ఉండమన్నారు. కళ్లెదుట లేకపోతే చూడను కదా.

చుక్కిని రామతీర్థం దగ్గర పాళెంలో చిన్నపోలయ్యకు ఇచ్చేశాను. ఎండుచేపలు తెచ్చి అమ్ముతాడే, అతనికి. "కుక్కనిస్తామంటే వద్దనేదెవురమ్మా, ఇసకలో చేపలారేసిన కాడ కాపలా ఉంటాది" అని కావడిలో కూర్చోబెట్టుకొని పోయాడు. అది కావడిలో నుంచి తల బయటపెట్టి నా వైపే చూసింది. మొరగలేదు.

మీ తమ్ముడు విత్తనాల పని మీద నెల్లూరు వెళ్లారు. రేపు వస్తారు. ఇల్లు కడిగి ముగ్గు పెట్టుకున్నాను. ఇప్పుడు ఇల్లు నాది అనిపిస్తోంది.

పెంచలమ్మ

---

నాయుడుపేట,
30-10-1961

పెంచలమ్మకు,

అత్త మీద కోపం దుత్త మీద చూపావు. కామాక్షి మీది కుళ్లు నోరు లేని దాని మీద తీర్చుకున్నావు. నీ జాబు చేరిన రోజు నేను పొయ్యి వెలిగించలేదు.

నిన్న రంగడి దగ్గర నుంచి కార్డు వచ్చింది. వాడు నాకు జాబు రాసి ఏడాది దాటింది. 'అక్కా, చుక్కిని తెచ్చుకున్నాను. దాన్నేమీ అనవద్దు.' అంతే రాశాడు. ఇంకో వాక్యం లేదు. దాన్ని అంటే కుక్కనో, నిన్నో రాయలేదు. మూడుసార్లు తిప్పి చదివాను. కుక్కను నేనెందుకు అంటాను? నిన్నే.

నువ్వు చేసిన పనికి నిన్ను పుట్టింటికి పంపినా అడిగేవాడు లేడు. అలాంటిది వాడు నీ తరఫున నాకు కార్డు రాస్తున్నాడు. కామాక్షి తరఫున ఎప్పుడూ రాయలేదు. దాన్ని ఎవరూ ఏమీ అనలేదనుకో. అయినా నా మనసు చివుక్కుమంది. అక్కడ ఏం జరిగిందో నువ్వైనా పూర్తిగా రాయి.

చెంచులక్ష్మి

---

విడవలూరు,
8-12-1961

వదినగారికి,

ఆలస్యంగా రాస్తున్నాను. రాయడానికి ఉన్న సంగతులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఈ జాబులో మిమ్మల్ని ఒక మాట అడగాలి కూడా, అది చివర అడుగుతాను.

మీ తమ్ముడు నెల్లూరు నుంచి వచ్చి, నడవలో చూసి, నన్ను అడిగారు. చెప్పాను. చెప్పులు కూడా వేసుకోకుండా అలాగే తిరిగి వెళ్లిపోయారు. పొద్దు వాలేవేళకు దాన్ని మెడ మీద వేసుకొని, గొర్రెపిల్లను మోసినట్టు మోసుకొచ్చారు. ఇసుకలో నడిచి కాళ్లు బొబ్బలెక్కాయి. తిడతారని గోడకు ఆనుకొని నిలబడ్డాను. "దానికి నీళ్లు పెట్టు" అన్నారు. పెట్టాను. అంతకు మించి ఈ రోజుదాకా ఒక్క మాట లేదు. మీకు కార్డు రాశారని మీరు రాస్తేనే తెలిసింది. ఆ కార్డు మీ దగ్గర కాకుండా నా దగ్గర ఉంటే బాగుండును. ఆ మాట నాతో అంటే ఇంకా బాగుండును.

పాళెంలో కూడా అది తడిపిందట, చిన్నపోలయ్య వల మీద. అది విన్నప్పటి నుంచి నన్నొక పురుగు తొలిచింది. చిన్నపోలయ్య వల మీద అక్కకు ఏం కోపం?

అప్పటికీ నా మనసు ఒప్పుకోలేదు. కావాలనే చేస్తోంది, చేస్తుండగా పట్టుకుంటాను అనుకొని, ఒక పగలు పని మానుకొని బియ్యం చేట ఒళ్లో పెట్టుకొని దాని ఎదురుగా కూర్చున్నాను. మొదట పెరట్లోకి పోయి, కంప చాటున మర్యాదగా పోసుకొని వచ్చింది. వచ్చి పడుకుంది. గాఢంగా నిద్రపట్టింది, కాళ్లు కలలో పరుగెత్తుతున్నాయి. అప్పుడు దాని కింద నుంచి సన్నగా తడి బయటికి పాకింది. అది కదలలేదు. తోక ఎత్తలేదు. కాసేపటికి చల్లగా తగిలి లేచింది. వాసన చూసుకుంది. ఎవరు చేశారిది అన్నట్టు అటూ ఇటూ చూసి, నన్ను చూసి, చెవులు వెనక్కి వాల్చి, ఆ తడినంతా గబగబా నాకడం మొదలుపెట్టింది. నేను చేట కింద పెట్టేశాను. దానికి తెలియదు వదినా. పడుకున్నప్పుడు దానికి తెలియకుండా పోతోంది. ఇన్నాళ్లూ దాని నీళ్లు ఆపి, దాన్ని తిట్టి, ఊరు దాటించిన నాకు ఆ పూట నా మొహం నాకే చూపించుకోవాలనిపించలేదు.

పోయిన వారం ఊళ్లో ఎద్దులకూ ఆవులకూ, గొడ్లను తుడిచిపెట్టే పెద్దరోగం రాకుండా టీకాలు వేశారు. మన కళ్లంలోనే వేశారు. పశువుల డాక్టరు ఆనందబాబుగారని, చిన్న వయసువాడు. మీ తమ్ముడు ఎద్దుల్ని పట్టుకోవడంలో ఉండగా, కాఫీ ఇచ్చే నెపంతో డాక్టర్ని నడవలోకి పిలిచి చుక్కిని చూపించాను. ఆయన నవ్వలేదు. పొట్ట నొక్కి చూశాడు. రాయి లేదన్నాడు. రక్తం, చీము పడుతున్నాయా అని అడిగాడు. లేదన్నాను. వెల్లకిలా తిప్పి, బొడ్డు కింద వెంట్రుకలు పాయ తీసి, "దీనికి ఆపరేషన్ ఎవరు చేశారమ్మా?" అన్నాడు.

"కుక్కకు ఆపరేషన్ ఏందయ్యా?" అన్నాను.

గీత చూపించాడు. సన్నటి తెల్ల గీత. పిల్లలు పుట్టకుండా కడుపులో సంచీ అదీ తీసేశారట. అలా తీసేసిన ఆడకుక్కల్లో కొన్నింటికి కొన్నాళ్లకు మూత్రం పట్టి ఉంచే కండరం వదులవుతుందట. మెలకువలో బిగపట్టుకుంటుంది, నిద్రలో జారిపోతుంది. "పొగరు కాదమ్మా, దయ్యమూ కాదు. నీళ్లు మాత్రం ఆపకండి, ఇంకో రోగం వస్తుంది" అన్నాడు. ఆ తీసేసినవాటి బదులుగా పని చేసే మాత్రలున్నాయట, ఆడవాళ్లకు కూడా ఇస్తారట. చీటీ రాసిచ్చాడు. స్టిల్‌బెస్ట్రాల్ అని పేరు. ఇక్కడ దొరకవు, మద్రాసు నుంచి తెప్పించాలన్నాడు. చీటీ ఈ జాబులో పెడుతున్నాను. అన్నయ్యగారు మద్రాసు వెళ్లి వస్తుంటారు కదా.

ఇప్పుడు నా ప్రశ్న. ఆపరేషన్ సంగతి మీకు తెలుసు. తెలియకుండా ఉండదు. నేను మొదటి జాబులోనే, అక్క నా మీద పగబట్టిందా అని భయపడి అడిగాను. పీట వేసుకోమని రాశారు గాని ఈ మాట రాయలేదు. ఎందుకని?

పెంచలమ్మ

---

నాయుడుపేట,
2-1-1962

పెంచలమ్మకు ఆశీస్సులు.

మాత్రలు మీ అన్నయ్య తెచ్చారు. ఈ జాబు తెచ్చే మనిషితోనే పంపుతున్నాను. మద్రాసులో పశువుల డాక్టరుకు ఆ చీటీ చూపించి అడిగితే, మొదట్లో రోజూ వేసి, తడి ఆగాక వారానికొకటి చాలన్నాడట. ఎక్కువ వెయ్యకూడదట. బెల్లంలో పెట్టి ఇయ్యి.

ఆపరేషన్ నాకు తెలుసు. చుక్కి ఈనినప్పుడల్లా మన పాలేరు పోలేరయ్య మగపిల్లల్ని అడిగినవాళ్లకు ఇచ్చి, ఆడపిల్లల్ని గోనెలో కట్టి కాలవలో వేసేవాడు. ఊరంతా చేసే పనే. కడుపు పండని కామాక్షికి మాత్రం అది ఊరంతా చేసే పని కాలేదు. చుక్కి కాలవ గట్టున వాసన చూస్తూ తిరుగుతుంటే కామాక్షి కూడా వెంట తిరిగేది. మూడోసారి అలా జరిగాక, 'ఇక దీనికి ఈ కడుపుకోత వద్దు' అని మద్రాసులో వాళ్ల అన్న ఇంటికి తీసుకుపోయి, అక్కడి పశువుల ఆసుపత్రిలో చేయించుకొచ్చింది. తనకు బిడ్డ కావాలని మొక్కుకోవడానికి తిరుగుతూనే కుక్కకు వద్దని చేయించింది. దానివల్ల పడక తడుస్తుందని మాకెవరికీ తెలియదు. తెలిసినా చేయించేదే. కాబట్టి నీ చీర తడిసింది కామాక్షి వల్లే, నువ్వనుకున్నట్టు మాత్రం కాదు.

అది ముందు నుంచే పడక తడుపుతోందని నీకు మొదటే ఎందుకు చెప్పలేదంటావా? చెప్పాలనిపించలేదు.

నీకు చనిపోయిన మనిషి మీద కుళ్లు. నాకు బతికున్న నీ మీద కుళ్లు. నేను ఆ ఇంటికి వస్తే గుమ్మంలో ఎదురొచ్చే మనిషి కామాక్షి. ఇప్పుడు నువ్వు వస్తావు. అదే చెంబుతో నీళ్లిస్తావు. నువ్వేం తప్పు చేయలేదని నాకూ తెలుసు, తెలిస్తే మాత్రం మండడం ఆగుతుందా? నువ్వు పటానికి భయపడుతున్నానని రాసినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఆ ఇంట్లో కామాక్షికి ఇంకా భయపడేవాళ్లున్నారు, అది ఇంకా అక్కడే ఉంది అనిపించింది. కుక్కకు జబ్బు అని రాస్తే అది నిజంగా పోయినట్టే కదా. నువ్వు డాక్టరుకు చూపించి నా కామాక్షిని ఇంట్లో నుంచి పంపించావు.

మాత్రలు మాత్రం మానకు. చుక్కి సుఖపడితే కామాక్షి సంతోషిస్తుంది. చూశావా, మళ్లీ దాని మాటే.

చెంచులక్ష్మి

---

విడవలూరు,
26-2-1962

వదినా,

మీ జాబు చదివి రెండు రోజులు మీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు కోపం వెతుక్కుంటే దొరకలేదు. నా మీద కుళ్లుకోదగినది ఏదో ఒకటి ఉందని ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి మీరే చెప్పారు.

మాత్రలు బెల్లంలో పెట్టి నేనే వేస్తున్నాను. ఆయనకు చెప్పలేదు. ఆయన నాకు చెప్పకుండా ఉతికారు, నేను ఆయనకు చెప్పకుండా మాన్పుతాను, లెక్క సరిపోతుంది అనుకున్నాను. రోజూ ఆయన కంటే ముందు లేచి బొంత మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. మొదట్లో తడి. తర్వాత ఒక పక్క మాత్రమే. ఆ తర్వాత ఒక రోజు పూర్తిగా పొడి. ఆ తెల్లవారి చుక్కి లేచి, పడక వాసన చూసుకొని, మళ్లీ చూసుకొని, ఒళ్లు విరుచుకొని పెరట్లోకి పోయింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయంటే మీరు నమ్మాలి. దాన్ని కావడిలో పంపినదాన్ని నేనే.

ఇక ఆయన హాయిగా తెల్లారేదాకా పడుకుంటారనుకున్నాను.

వదినా, ఆయన లేచారు. బొంత తడిమి చూశారు. అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. చూసి, దాన్ని భుజాన వేసుకొని బావికాడికి వెళ్లారు. పొడి బొంతను తొట్టిలో ముంచి బండ మీద బాదారు. మర్నాడూ అంతే. వారమంతా అంతే. నేను పక్క మీద పడుకొని ఆ బాదుడు వింటూ ఉన్నాను. కుక్కకు డాక్టరు ఉన్నాడు, చీటీ ఉంది, మద్రాసులో మాత్ర ఉంది. ఈయనకు ఎవరు రాస్తారు? అక్కకు బిళ్ల వేసుకున్నాను, చీర పెట్టాను, పులుసులో ఓడిపోయాను. ఆ ఉతుకుడు ఒక్కటైనా ఆగుతుందనుకుంటే అదీ ఆగలేదు. ఆ బొంతను పొయ్యిలో పెట్టేద్దామా అనుకున్నాను, దేవుడి తోడు.

మొన్న ఇంక పడుకోలేకపోయాను. లేచి బావికాడికి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"అది తడవలేదు. నేను చూసే వచ్చినా" అన్నాను.

"తెలుసు" అన్నారు, తల ఎత్తకుండానే.

"తెలిసి ఎందుకు ఉతకతా ఉండారు?"

ఆయన బాదడం ఆపారు. తర్వాత, "ఉతక్కుంటే ఏం చెయ్యాల్నో తెలవడం లేదు" అన్నారు.

దయ్యమంటే వదిలించుకోవచ్చు, పొగరంటే అణచవచ్చు. తోచకపోవడాన్ని ఏం చేస్తాం? కోపం పోయిందని రాయను, పోలేదు. ఆ కోపంతోనే మాత్రల సంగతి చెప్పాను. డాక్టరు రాశాడని, మీరు పంపారని, నేను వేస్తున్నానని. ఆయన అప్పుడు తల ఎత్తి నన్ను చూశారు. పెళ్లయ్యాక అంతసేపు నా మొహం చూడటం అదే మొదలు.

"మాకు తెలవలేదే" అన్నారు. "ఇద్దరం ఉతకతానే ఉన్నామే గానీ, ఒకరికి చూపించాలని తోచలా."

ఇద్దరం అన్నది అక్కనూ తననూ. అక్క మాట ఆయన నోట నేను వినడం కూడా అదే మొదలు. గుచ్చుకుంది. గుచ్చుకున్నా, నాతోనే అన్నారు కదా, ఇంకెవరితోనూ కాదు కదా అనుకున్నాను.

పిండే వేళకు ఆయన బొంత ఒక కొసను గిలక స్తంభానికి కట్టారు. అక్క పోయినప్పటి నుంచి అలాగే పిండుతున్నారు కాబోలు, స్తంభం మీద రాపిడి గుర్తు లోతుగా పడింది. నేను వెళ్లి ఆ కొస విప్పి, చేత్తో పట్టుకున్నాను. ఆయన వద్దనలేదు. ఇద్దరం తిప్పాం. బొంత గిరగిరా తిరిగింది గాని చుక్క నీరు కారలేదు.

"ఎడమకి తిప్పు" అన్నారు.

నాకు అప్పుడు అర్థమైంది. అక్కది ఎడమ చేతి వాటం అయి ఉంటుంది, ఆమెకు తగ్గట్టు ఈయనా ఎడమకే తిప్పడం అలవాటు చేసుకున్నారు. ఇన్నేళ్ల పులుసు గురించి, చీరల గురించి రాసిన మీరు ఆ ముక్క రాయలేదు.

"నేను కుడికే తిప్పతా. నాకు అట్టనే వచ్చు. మీరే మార్చుకోండి" అన్నాను.

ఆయన బొంత పట్టుకొని అలాగే నిలబడ్డారు. తూర్పున తెల్లబడుతోంది. చుక్కి వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చొని, పైకి ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూసింది. నేను నా కొస వదల్లేదు, చెయ్యీ మార్చలేదు.

ఆయన చెయ్యి మార్చుకున్నారు.

మీ మరదలు,
పెంచలమ్మ